ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చ తెగులు: చికిత్స, పథ్యం

కృష్ణాడెల్టాలో పుట్టి పెరిగిన విద్యార్థులకు చేపలను గురించి చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పడం వంటిదే. మన తరగతులలో కూర్చున్నవారిలో చెరువుగట్టు ఎరుగనివారు తక్కువ. పైగా మేము తెలుగు బోధించేవారము. జీవశాస్త్రం మా శాస్త్రం కాదు. అయినా ఈ వ్యాసానికి పూనుకోవడానికి కారణం ఉన్నది. ఇంట్లో సరదాగా పెంచుకొన్న ఉప్పునీటి చేపలు మా అజ్ఞానం వల్లనే చనిపోయాయి. ఆ తరువాత పుస్తకాలు తిరగవేసి, తెలిసినవారిని అడిగి నేర్చుకొన్న నాలుగు మాటలు మా తొట్టెకే గాక డెల్టాలోని చెరువులకు కూడా వర్తించేవిగా తోచాయి. వాటిని పాఠరూపంలో విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

మా తొట్టెలో జరిగినది

బందరు వెళ్ళినప్పుడల్లా మంగినపూడి తీరం నుండి క్యానులతో సముద్రపు నీరు తెచ్చుకొని, విజయవాడలోని మా ఇంట ఒక గాజుతొట్టెను నడుపుతూ ఉండేవారము. అందులో మూడు క్లౌన్ చేపలు, రెండు నీలి డామ్సెల్ చేపలు, కొన్ని నత్తలు, ఖాళీ గుల్లలలో కాపురముండే చిన్న పీతలు ఉండేవి. అడుగున గవ్వలు, పగడపు రాళ్ళు పరిచాము. ఏడాదిపాటు ఏ లోటూ లేకుండా సాగింది.

గత వేసవిలో ఒక టాంగు చేపను కొని తెచ్చి, ఆ సాయంత్రమే తొట్టెలో వదిలాము. నాలుగవనాడు దాని రెక్కలమీద ఉప్మారవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించాయి. అది రాళ్ళకు ఒళ్ళు రాచుకొంటూ తిరగసాగింది. అంగట్లో అమ్మే నీలిమందు కొన్ని చుక్కలు వేశాము. మూడు రోజులలో చుక్కలన్నీ మాయమైనవి. మందు పనిచేసిందని మురిసిపోయి, వచ్చినవారందరికీ చెప్పుకొన్నాము కూడా.

మరి వారం గడిచేసరికి ఒక్క చేప కాదు, ఆరు చేపలూ తెల్లబారినవి. మొప్పలు ఎగరవేస్తూ నీటిపైకి వచ్చి నిలిచినవి. అప్పుడు కంగారులో రాగి కలిసిన మందును కంటి అంచనాతో తొట్టెలో పోశాము. మరునాటి ఉదయానికి నత్తలు, పీతలు చచ్చిపడి ఉన్నాయి. మూడవనాటికి చేపలూ లేవు. అడుగున ఉన్న గవ్వలు మాత్రం మిగిలాయి.

ఈ సంగతి తరగతిలో మాటవరుసకు చెప్పినప్పుడు, కైకలూరు వైపు నుండి వచ్చి చదువుకొంటున్న ఒక విద్యార్థి లేచి, “సార్, మచ్చలు పోయిన రోజునే మీరు భయపడవలసింది. మా చెరువులో చేపకు పేను పట్టినప్పుడు మా నాన్నగారు చేపను చూడరు, పేను దిగి గుడ్లు పెట్టే చోటు ఎక్కడున్నదా అని చూస్తారు” అన్నాడు. మా చదువంతటిలోనూ లేని మాట ఆ పిల్లవాని నోట విన్నాము. ఈ పాఠానికి మూలం ఆ మాటే.

ఒకే పేరు, మూడు తెగుళ్ళు

ముందుగా పేరును గురించి ఒక హెచ్చరిక. డెల్టాలో “తెల్లమచ్చ” అనగానే రొయ్యల రైతు గుండె గుభేలుమంటుంది. 1994 చివర ఆంధ్రతీరంలోని టైగర్ రొయ్యల చెరువులను నాశనం చేసిన తెల్లమచ్చ వైరస్ వల్ల కలిగేది. దానికి మందు లేదు. వ్యాధిలేని పిల్లను తెచ్చుకోవడం, చెరువులోకి అది రాకుండా చూసుకోవడం మాత్రమే మార్గాలు.

మంచినీటి చేపలకు వచ్చే తెల్లమచ్చ వేరు. దానిని కలిగించే ఏకకణజీవి పేరు ఇక్తియోఫ్తీరియస్. సముద్రపు చేపలకు వచ్చే తెల్లమచ్చ మూడవది. దీనికి కారణమైన శైలికలు గల ఏకకణజీవికి 1951లో బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాలు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టింది. ఈ రెండు జీవుల బ్రతుకుతీరు అన్నదమ్ముల తీరులా ఉన్నప్పటికీ, దగ్గరి చుట్టరికం లేదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. మంచినీటి తెల్లమచ్చకు ఉద్దేశించిన మందును మేము సముద్రపు చేపలకు వాడాము. పేరు ఒకటైనంత మాత్రాన రోగం ఒకటి కాదు. రోగం ఒకటి కానప్పుడు మందు ఒకటి కాదు.

శత్రువు నాలుగు అవస్థలు

ఈ పరాన్నజీవి జీవితచక్రంలో నాలుగు అవస్థలు ఉన్నాయి. చికిత్స అంతా వీటిమీదనే ఆధారపడి ఉన్నందున విద్యార్థులు శ్రద్ధగా గుర్తుంచుకోవాలి.

మొదటిది చేపమీద ఉండే అవస్థ. దీనిని ట్రోఫాంట్ అంటారు. ఇది చేప చర్మంమీద అంటుకొని ఉండదు. పైపొర క్రిందికి దూరి, అక్కడి కణజాలాన్ని తింటూ మూడు నుండి ఏడు రోజులు పెరుగుతుంది. మన కంటికి తెల్లచుక్కగా కనిపించేది ఇదే. చేప చర్మమే దానికి దుప్పటి గనుక నీటిలో కలిపిన మందు దానిని చేరదు.

రెండవది దిగిపోయే అవస్థ. బాగా మేసిన జీవి చేపను విడిచి, తొట్టె అడుగున కొన్ని గంటలు ప్రాకుతుంది. సాధారణంగా ఇది చీకటివేళ జరుగుతుంది. చేపమీద చుక్కలు మాయమవడానికి కారణం ఇదే గాని, మా నీలిమందు కాదు.

మూడవది కోశంలో దాగిన అవస్థ. దీనిని టోమాంట్ అంటారు. రాతికో, గవ్వకో, ఇసుక రేణువుకో అంటుకొని, చుట్టూ గట్టి కోశం కట్టుకొని, లోపల విభజన చెందుతుంది. ఒక్క కోశం నుండి రెండు వందలదాకా పిల్లజీవులు రావచ్చు. ఎక్కువ భాగం కోశాలు వారం పదిరోజులలో పగులుతాయి. కొన్ని నాలుగు వారాల వరకు ఆగుతాయి. 72 రోజుల తరువాత పగిలిన కోశాలు కూడా పరిశోధకుల దృష్టికి వచ్చాయి. ఈ అవస్థలో దానిమీద ఏ మందూ పనిచేయదు.

నాలుగవది ఈదే అవస్థ. థెరాంట్ అనే ఈ పిల్లజీవి కోశం నుండి వెలువడి చేపను వెదుకుతూ ఈదుతుంది. ఒకటి రెండు రోజులలో చేప దొరకకపోతే చనిపోతుంది. దొరికితే కథ మళ్ళీ మొదలు. దుప్పటీ, కోశమూ రెండూ లేని నిస్సహాయ స్థితి ఇదొక్కటే. మనకు తెలిసిన మందులన్నీ దీనిమీదనే పనిచేస్తాయి.

కనుక మచ్చ కనిపించినప్పుడు మందు వేసి, మచ్చ పోగానే ఆపివేసేవాడు శత్రువు ఇంట్లో లేనప్పుడు తలుపు కొట్టి తిరిగివచ్చినవాడితో సమానం.

గుర్తించే విధం

మందుకు ముందు నిదానం. సముద్రపు చేపల ఒంటిమీద కనిపించే ప్రతి మార్పూ తెల్లమచ్చ కాదు.

రవ్వగింజలవలె విడివిడిగా చుక్కలు ఉండి, నాలుగైదు రోజులలో పోయి మళ్ళీ ఎక్కువగా వస్తే అది క్రిప్టోకారియాన్. చుక్కలు వేరుగా తెలియక, చేప ఒంటిమీద సన్నని బంగారు పొడి చల్లినట్లుండి, ఊపిరి వేగం మిక్కుటమైతే అది అమైలూడినియం అనే మరొక పరాన్నజీవి. ఇది తెల్లమచ్చ కంటె వేగంగా చంపుతుంది. మచ్చలు బాగా కనబడే లోపలే చేప పోవచ్చు. కళ్ళు మసకబారి, చేప ఒళ్ళు రాచుకొంటూ, చుక్కలు మాత్రం లేకపోతే చర్మాన్ని పట్టే చదును పురుగులను అనుమానించాలి. అదే వేడిమి, అదే క్షారత గల మంచినీటిలో చేపను ఐదు నిమిషాలు ఉంచితే ఈ పురుగులు తెల్లబడి రాలిపోతాయి. తెల్లమచ్చ జీవి చర్మం క్రింద ఉన్నందున మంచినీటి స్నానంతో రాలదు. ఈ తేడా కూడా రోగనిర్ణయానికి ఉపకరిస్తుంది.

నిశ్చయంగా చెప్పగలిగేది మాత్రం సూక్ష్మదర్శినియే. చేప పార్శ్వం నుండి కొద్దిపాటి జిగురును గాజుపలకమీదికి తీసి చూస్తే, గుండ్రంగా మెల్లగా దొర్లుతున్న జీవి కనిపిస్తుంది. మన ప్రయోగశాలలో ప్రథమ సంవత్సర విద్యార్థులు వాడే పరికరమే దీనికి చాలును.

చికిత్సకు మూడు మార్గాలు

ఏ మార్గమైనా మొదటి పని ఒకటే. చేపలన్నిటినీ, మచ్చ లేనివాటిని సహా, వేరొక తొట్టెకు మార్చాలి. దీనిని ఆసుపత్రి తొట్టె అనవచ్చు. అందులో ఇసుక, గవ్వలు, రాళ్ళు ఉండకూడదు. చేప దాగడానికి రెండు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు, గాలిపంపు చాలు. నీటిలో అమ్మోనియా పేరుకోకుండా తరచు కొంత నీరు మార్చాలి.

మొదటి మార్గం రాగి. మన రైతులకు మైలుతుత్తంగా చిరపరిచితమైన కాపర్ సల్ఫేటే ఇది. నీటిలో కరిగిన రాగి లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే తెగులు చావదు. పెరిగితే చేప చస్తుంది. లెక్క ఎంత సన్నమైనదో చూడండి. మైలుతుత్తంలో నాలుగింట ఒక వంతు మాత్రమే రాగి. వంద లీటర్ల నీటికి 20 మిల్లీగ్రాముల రాగి కావాలంటే మైలుతుత్తం సుమారు 80 మిల్లీగ్రాములు. వ్రేళ్ళతో తీసిన చిటికెడు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కంటి అంచనాతో పోసిన మేము చేసిన తప్పు ఇదే. పైరుకు కొట్టే సరుకును కాక చేపలకు తయారైన మందునే తీసుకొని, మోతాదును రెండు మూడు రోజులలో మెల్లగా పెంచి, పరీక్ష కిట్టుతో రోజుకు రెండు పర్యాయాలు కొలుస్తూ, కనీసం మూడు నాలుగు వారాలు నిలపాలి. గవ్వ, పగడపు రాయి వంటి సున్నపు పదార్థాలు రాగిని పీల్చుకొని కొలతను తారుమారు చేస్తాయి. నత్తలకు, పీతలకు, రొయ్యలకు, పగడాలకు రాగి విషం. అందుచేత ప్రధాన తొట్టెలో దానిని ఎన్నడూ వేయకూడదు.

రెండవ మార్గం ఉప్పు తగ్గించడం. సముద్రపు నీటిలో ఉప్పు వెయ్యింటికి సుమారు 35 పాళ్ళు. చేప నెత్తురులో ఉప్పు అందులో మూడవ వంతు మాత్రమే. కనుక తొట్టెనీటిని రెండు రోజులలో క్రమంగా వెయ్యింటికి 15 పాళ్ళకు దించినా చాలా చేపలు తట్టుకొంటాయి. ఏకకణజీవి అయిన శత్రువు తట్టుకోలేదు. మూడు నుండి నాలుగు వారాలు ఈ స్థితిలో ఉంచి, తిరిగి అంతకంటె మెల్లగా పెంచాలి. కొలత కోసం మంచి సాధనం తప్పనిసరి. తక్కువ ఉప్పుకు అలవాటుపడిన జాతులు కూడా ఈ పరాన్నజీవిలో ఉన్నవి గనుక, మచ్చలు మళ్ళీ కనిపిస్తే వేరు మార్గం పట్టాలి. నత్తలు, పీతలు ఉన్న తొట్టెకు ఇదీ పనికిరాదు.

మూడవ మార్గంలో మందే లేదు. ఓపిక ఒక్కటే మందు. రెండు తొట్టెలు సిద్ధం చేసుకొని, ప్రతి మూడవరోజున చేపలను ఒకదానినుండి మరొకదానికి మార్చాలి. చేపనుండి దిగిన జీవి కోశం కట్టుకొని పిల్లలను విడవడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. ఆలోగా చేప ఆ తొట్టెలో ఉండదు. ఖాళీ చేసిన తొట్టెను, గొట్టాలను, వలను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఆరిపోతే కోశం బ్రతకదు. ఇట్లు నాలుగుసార్లు మార్చితే చేపమీద ఉన్నవన్నీ దిగిపోతాయి. మన విజయవాడ ఎండ మనుషులను బాధించినా, ఈ పనికి మాత్రం గొప్ప ఉపకారి.

తొట్టెకు పథ్యం

చేపలను బయటికి తీసిన ప్రధాన తొట్టె సంగతి ఏమిటి? అందులో కోశాలు దాగి ఉన్నాయి. నత్తలను, పీతలను యథాప్రకారం పోషిస్తూ, ఒక్క చేప కూడా లేకుండా దానిని ఆరు వారాలైనా ఉంచాలి. కోశాలు పగులుతాయి, పిల్లజీవులు ఈదుతాయి, చేప దొరకక నశిస్తాయి.

ఇక్కడ భాషాబోధకులుగా మాకు ఒక ముచ్చట తోచింది. మన వైద్యులు మందు ఇచ్చి “మండలం రోజులు పథ్యం” అంటారు. మండలమంటే నలభై రోజులు. ఉర్దూలో నలభై రోజుల గడువును చిల్లా అంటాము. ప్రసూతి అయిన తల్లికి నలభై రోజుల విశ్రాంతి మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. ఓడలలో వచ్చినవారిని ఊరిలోకి రానీయక కొంతకాలం ఆపి ఉంచే పద్ధతికి వెనిస్ వంటి రేవుపట్టణాలలో వచ్చిన క్వారంటీన్ అనే మాటకు కూడా ఇటలీ భాషలో నలభై అన్న సంఖ్యయే మూలం. తెలుగువారి మండలం, ఉర్దూవారి చిల్లా, వెనిస్‌వారి నలభై వేర్వేరు అవసరాలలో పుట్టినవి. అయినా బాధ కనబడకుండా పోవడానికీ, బాధకు మూలం పోవడానికీ మధ్య కొంత ఎడం ఉన్నదని, ఆ ఎడంలో మనిషి ఆగాలని మూడూ చెబుతున్నాయి. 72 రోజుల కోశాల సంగతి తలచుకొని భయపడేవారు ఒక మండలానికి బదులు రెండు మండలాలు ఆగవచ్చు.

ఈ పథ్యం ముందే పాటిస్తే వైద్యమే అక్కరలేదు. కొత్తగా తెచ్చిన ప్రతి చేపను నాలుగు నుండి ఆరు వారాలు వేరుగా ఉంచి చూసి, తరువాతనే పాతవాటితో కలపాలి. ఇలాజ్ కంటె పర్హేజ్ మేలని మన పెద్దలు అనే మాట ఇదే. మేము టాంగు చేపను కొన్న సాయంత్రమే తొట్టెలో వదలకుండా ఉంటే మిగిలిన ఐదూ ఈనాటికీ ఈదుతూ ఉండేవేమో.

డెల్టాకు దీనితో పని ఏమిటి?

గాజుతొట్టె కొద్దిమంది వేడుక. కాని పండుగప్ప చేప వేడుక కాదు, జీవనోపాధి. నదిలో పెరిగి, ఉప్పునీటి ముఖద్వారానికి వెళ్ళి గ్రుడ్లు పెట్టే ఈ చేపను ఇటీవలి సంవత్సరాలలో నాగాయలంక వద్ద కృష్ణ ఉప్పునీటి పాయలలో వలపంజరాలలో పెంచారు. కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ చెన్నై సమీపాన ముట్టుకాడులో 1997లో దీనికి పిల్లను పుట్టించే పద్ధతిని సాధించింది. పంజరంలో క్రిక్కిరిసిన పండుగప్పకు ఈ తెల్లమచ్చ జీవి పెద్ద శత్రువే. విశాలమైన సముద్రంలో పిల్లజీవికి చేప దొరకడం కష్టం. వల మధ్య వందల చేపలు ఒకచోట ఉన్నప్పుడు అది సులభం. తొట్టెలో చేపలను తరచు మార్చడం, కొత్తవాటిని వేరుగా ఉంచడం అన్న సూత్రమే అక్కడ వలలను మార్చడం, ఆరవేయడం, పిల్లలను పరీక్షించి దించడం అవుతుంది.

ఇక కొల్లేటి ప్రాంతపు మంచినీటి చెరువులలో బొచ్చె, శీలావతి చేపలను పీడించే పేను సంగతి. ఆర్గులస్ అనే ఈ పేను రొయ్యకు, పీతకు చుట్టం. చేప రక్తం పీల్చి, తరువాత దిగి, నీటిలోని కర్రలమీద, రాళ్ళమీద వరుసలుగా గుడ్లు పెడుతుంది. దానిని చంపే మందు చుట్టరికాన్ని బట్టి రొయ్యనూ చంపుతుంది. చేపపిల్లకు ఆహారమైన నీటిపురుగులనూ చంపుతుంది. ఆ నీటిని కాలువలోకి వదిలితే పొరుగువాని రొయ్యల చెరువుకు ముప్పు. ఎరిగిన రైతులు వెదురు తడికలను నీటిలో నిలబెట్టి, పేను వాటిమీద గుడ్లు పెట్టగానే తీసి ఎండలో ఆరవేస్తారు. కైకలూరు విద్యార్థి తండ్రి వెదికేది ఈ గుడ్లనే. ఏ పుస్తకమూ చదవకుండానే ఆయన జీవితచక్రాన్ని చదివారు.

అటువంటి రైతుల నడుమనే, మచ్చ కనపడగానే సంచి విప్పి చెరువులో కుమ్మరించేవారూ ఉన్నారు. తెగులు ఏదో నిర్ణయించకుండా ఒకదానిపై ఒకటి మందులు వేస్తే, అప్పు పెరుగుతుంది, నీరు చెడుతుంది, తెగులు మందుకు అలవాటుపడుతుంది. ఆ చేపను తినేది మనమే.

మనవి

మన విద్యార్థులలో పలువురు రేపు చెరువుల యజమానులు, మేత అమ్మేవారు, మందుల దుకాణాలలో కూర్చునేవారు కాబోతున్నారు. చెరువుగట్టున నిలిచిన రైతు “బాబూ, దీనికేమి వేయాలి?” అని అడిగినప్పుడు, “ముందు జిగురు తీసి చూద్దాం” అని చెప్పగల ధైర్యం వారికి కలగాలి. ఆ ఒక్క వాక్యం చెప్పలేకనే మేము ఆరు చేపలను పోగొట్టుకొన్నాము. రైతు పోగొట్టుకొనేది ఒక పంట.

కళాశాల కమిటీవారికి మా విన్నపం చిన్నది. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక సూక్ష్మదర్శినిని, ఒక ఖాళీ గాజుతొట్టెను, ఒక నోటుపుస్తకాన్ని ఈ పనికే కేటాయించండి. గ్రామాలనుండి వచ్చే విద్యార్థులు తమ చెరువు చేపల జిగురు నమూనాలను తెచ్చి, అధ్యాపకుల సమక్షంలో చూసి, కనిపించినదానిని తేదీతో వ్రాసిపెట్టుకొంటారు. ఏడాది తిరిగేసరికి ఏ మాసంలో, ఏ ఊరిలో, ఏ తెగులు వచ్చిందో తెలిపే పుస్తకం మన చేతిలో ఉంటుంది. ఖర్చు స్వల్పం.

మా తొట్టె ఇప్పుడు కడిగి, ఎండలో ఆరి, మళ్ళీ నీటితో నిండి ఉన్నది. మేము ఈ మాటలు వ్రాసేనాటికి అందులో చేప లేదు. పక్కనే చిన్న తొట్టెలో రెండు క్లౌన్ చేపలు తమ మండలాన్ని గడుపుతున్నాయి. వాటి ఒంటిమీద ఒక్క మచ్చ కూడా లేదు. అయినా ఈసారి మేము తొందరపడటం లేదు.